నలభై ఎనిమిది వేల కాలరు

మా పెద్దమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కళ్ళజోడు కూడా అక్కడే ఉంటుంది కాబట్టి ఏది ముందు జారుతుందో ఎవరమూ చెప్పలేం. మా అమ్మకు స్వయానా అక్క. నలభై ఏళ్ళుగా బట్టలు కుడుతోంది. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు వీధిలో ఒక్కరూ లేరు, అందరికీ కాలరమ్మే. ఆమె కుట్టిన చొక్కా కాలరు పదేళ్ళు వాడినా వంగదు, వాడినవాడు వంగాలి గానీ.

ఆమె కొట్టు ఒక్క గది. గుమ్మానికి కుడివైపు రెండు కుట్టుమిషన్లు, మధ్యలో కత్తిరింపు బల్ల, వెనక గోడకు వరసగా మేకులు. ఆ మేకులకు కాగితపు నమూనాలు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. ఒక మేకుకు చేతులు, ఒక మేకుకు జేబులు, ఒకదానికి కాలర్లు. గుడ్డ మీద నమూనా పెట్టి చుట్టూ సుద్దముక్కతో గీసి కత్తిరిస్తుంది. నమూనాల కోసం కాగితం కొన్న పాపాన మాత్రం ఎప్పుడూ పోలేదు. పెళ్ళి శుభలేఖలు, పాత క్యాలెండర్లు, చెప్పుల పెట్టెల మూతలు, పోస్టులో వచ్చిన మందపాటి కవర్లు, ఏది గట్టిగా ఉంటే అది కత్తెర కిందికి పోవాల్సిందే. కాగితం మెలి తిరక్కుండా రెండు మూడు పొరలు కలిపి అంచు చుట్టూ మిషన్ మీద ఒక కుట్టు వేసేస్తుంది.

"పెద్దమ్మా, కవరు విప్పి చూసి కత్తిరించరాదూ?" అని నేనో వంద సార్లు చెప్పుంటాను.

"ప్రింటు కొట్టిన కవర్లో ఏముంటుందిరా? ఎవడో ఏదో అమ్మడానికి రాసుంటాడు. మనవాళ్ళు రాస్తే చేత్తో రాస్తారు" అనేది. ఈ సిద్ధాంతం ఆమెకు ఎవరు నేర్పారో గానీ, వాళ్ళు కనబడితే నేను వదలను.

నాది ఆమె కొట్టుకు ఎదురుగా జిరాక్సు కొట్టు. ఫారాలు నింపుతాను, ఫొటోలు అంటిస్తాను, జనం చదవకుండా సంతకం పెట్టబోయేవి చదివి వినిపిస్తాను. రోజంతా ఇదే పనైతే ఎవడికైనా ఓపిక నశిస్తుంది. నాకు పుట్టుకతోనే తక్కువ.

ఇక కాజాల అత్తయ్య సంగతి చెప్పాలి. నిజానికి ఆవిడ మాకు చుట్టం కాదు. పెద్దమ్మ కొట్లో గుమ్మం పక్కన పొట్టి పీట మీద కూర్చుని చొక్కాలకు చేత్తో కాజాలు కుట్టేది. ఆవిడా పెద్దమ్మా ఒకరినొకరు "వదినా" అనుకునేవాళ్ళు, ఆ లెక్కన నాకు అత్తయ్య అయింది. ఇరవై రెండేళ్ళు పక్కపక్కన కూర్చుని పనిచేశారు. పెద్దమ్మ లోకంలో ఉన్న వాళ్ళందరినీ తిట్టేది, అత్తయ్య దారం పంటితో కొరుకుతూ "ఊఁ, ఊఁ" అనేది. మధ్యాహ్నం ఒక్క టీ తెప్పించి రెండు గ్లాసుల్లో పోసుకునేవాళ్ళు. తనకు ఎక్కువొచ్చిందని ఈవిడ, తనకు ఎక్కువొచ్చిందని ఆవిడ రోజూ పోట్లాటే.

తొమ్మిదేళ్ళ కిందట పెద్ద వీధిలో కొత్తగా ఒక ఆసుపత్రి తెరిచారు. డాక్టర్లకు ఎనభై తెల్లకోట్లు కుట్టమని పెద్దమ్మకు పని ఇచ్చారు. ఒక్కొక్కటి ఆరు వందలు, గుడ్డ కూడా మనదే. కోటుకు ఐదు కాజాల చొప్పున నాలుగు వందల కాజాలు. పెద్దమ్మ గుడ్డ అరువు తెచ్చింది. గుడ్డ ఖర్చు పోను మిగిలింది చెరిసగం అని ఇద్దరూ అనుకున్నారు. అత్తయ్య అప్పటికి అన్నగారింట్లో ఉండేది. లాండ్రీ పైన ఒక గది ఖాళీ అవుతోందని తెలిసి, ఈ డబ్బు రాగానే అడ్వాన్సు కట్టేస్తానని ఇంటివాళ్ళతో చెప్పి వచ్చింది. ఆ నెలన్నరా ఆవిడ కాజాలు కుట్టిన వేగం చూస్తే మిషనుకే సిగ్గేసేది.

కోట్లు వెళ్ళాయి. డబ్బు రాలేదు. పెద్దమ్మ మూడుసార్లు ఆసుపత్రికి వెళ్ళింది. లెక్కల గుమాస్తా మూడుసార్లూ "పంపించేశామమ్మా" అన్నాడు. "పంపితే నాకు రాదా? నేనేమైనా ఊళ్ళో లేనా?" అని ఈవిడ అక్కడే కేకలేసి వచ్చింది. ఐదో నెలలో ఆసుపత్రే మూతపడింది. ఎగ్గొట్టి పారిపోయారని పెద్దమ్మ వీధి వీధంతా చాటింది. గుడ్డ బాకీ మాత్రం రెండేళ్ళు కిందామీదా పడి తనే తీర్చింది.

ఈ మధ్యలో అత్తయ్య మూడుసార్లు అడిగింది. మూడోసారి నేనక్కడే ఉన్నాను. "వదినా, ఏమైనా వచ్చిందా?" అంది, అంతే. పెద్దమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది.

"వస్తే నేను మింగేశాననుకుంటున్నావా? నామీద అంత నమ్మకం లేనిదానివి నా గడప ఎక్కకు!"

అత్తయ్య చేతిలో ఉన్న కాజా పూర్తి చేసింది. సూదులు గుచ్చుకునే గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. తొమ్మిదేళ్ళు. ఇళ్ళ మధ్య దూరం రెండు వీధులు. నేను సర్దిచెప్పబోయి ఇద్దరిచేతా చీవాట్లు తిని ఊరుకున్నాను. పెద్దమ్మ కాజాలు మిషన్ కొట్టుకు పంపడం మొదలుపెట్టింది. తిరిగొచ్చిన ప్రతి చొక్కానూ వెలుతురులో పట్టుకుని "ఇవి కాజాలా, ఎలుకలు కొరికిన కన్నాలా?" అని గొణిగేది. తనకు ఆవిడ మీద బెంగ ఉందని ఒప్పుకునే రకం కాదు.

మొన్నామధ్య ఇనుప మంచాల వ్యాపారి ఒకాయన నా కొట్టుకు వచ్చాడు. ఎప్పుడో కట్టి మర్చిపోయిన డిపాజిట్టు ఒకటి ప్రభుత్వం దగ్గర పడి ఉందట. ఎవరూ వచ్చి అడగని డబ్బుకు ఒక ఆఫీసు ఉందనీ, దాని జాబితా కంప్యూటర్లో చూడొచ్చనీ ఆయన చెబితేనే నాకు తెలిసింది. ఆయన పని చేసి పంపించాక సరదాకు నా పేరు కొట్టి చూశాను. నాకు ఎవడూ దమ్మిడీ బాకీ లేడు. తర్వాత పెద్దమ్మ కొట్టు పేరు కొట్టాను. ఒక వరస వచ్చింది. మూతపడిన ఆసుపత్రి, మార్చుకోని చెక్కు, నలభై ఎనిమిది వేలు.

రోడ్డు దాటి పరిగెత్తాను. పెద్దమ్మ విని మిషన్ ఆపింది. కళ్ళజోడు తీసింది, తుడిచింది, మళ్ళీ పెట్టుకుంది.

"చూశావా! వాళ్ళ దగ్గరే ఉంచుకున్నారని నేను చెప్పలేదూ? ఇప్పుడు ఆ మహాతల్లి దగ్గరికెళ్ళి, ఇదిగోనే నీ సగం, నేను తినలేదు, అని మొహం మీదే చెప్తాను!"

"డబ్బు రానీ ముందు" అన్నాను.

"డబ్బెవడిక్కావాలిరా? అది నన్ను దొంగ అనుకుంది. తొమ్మిదేళ్ళు. ఆ మాట దాని మనసులోంచి పోవాలి."

అప్పుడర్థమైంది నాకు, ఈవిడ ఇన్నాళ్ళూ మోస్తున్నది ఏమిటో. దరఖాస్తు ఆ పూటే పంపాను. ప్రింటు కవర్ల సంగతి తెలిసినవాణ్ణి కనుక జవాబు నా కొట్టు చిరునామాకే రమ్మని రాశాను.

మూడు వారాలకు జవాబు వచ్చింది. అందులో రెండు అడిగారు. ఒకటి, ఈ చెక్కు ఫలానా తేదీన రిజిస్టరు పోస్టులో పంపినట్టు, అందుకున్నట్టు రసీదు మీద సంతకం ఉంది, నకలు జతచేశాం, మరి ఎందుకు మార్చుకోలేదో రాయండి. రెండు, ఆ రోజుల్లో మీ దగ్గర పనిచేసిన వ్యక్తి, మీకు బంధువు కాని వ్యక్తి, ఆ వ్యాపారం మీదేనని సాక్ష్యం ఇవ్వాలి.

కాగితం తీసుకెళ్ళి పెద్దమ్మకు చూపించాను. "అబద్ధం! నాకెవడూ ఇవ్వలేదు" అని మొదలుపెట్టి, రసీదు నకలు చూసి ఆగిపోయింది. సంతకం పక్కన బొటనవేలి మచ్చ ఒకటి పడి ఉంది.

"సంతకం నాదే. పని మధ్యలో పోస్టువాడు పెట్టమంటే చూడకుండా పెట్టేసుంటాను" అంది నెమ్మదిగా.

"మరి కవరేదీ?"

లేచి వెనక గోడ దగ్గరికి వెళ్ళింది. కాలర్ల మేకు మీదున్న గుత్తి దింపి బల్ల మీద పరిచింది. ఒక్కొక్కటి వేళ్ళతో నొక్కి చూస్తూ పోయింది. ఒకదాని దగ్గర చెయ్యి ఆగింది. అది నాకూ తెలుసు. కొట్లో అన్నిటికన్నా గట్టిగా నిలబడే నమూనా, తొమ్మిదేళ్ళుగా ఏ మంచి చొక్కాకైనా అదే పెట్టి గీస్తుంది. బ్లేడు తీసుకుని అంచు కుట్టు విప్పింది. పైన కవరు. లోపల మడత పెట్టిన ఉత్తరం. ఉత్తరం మడతలో చెక్కు, మెడ వంపుకు తగ్గట్టు ఒక పక్క గుండ్రంగా కత్తిరించి ఉంది. అంకెలు మాత్రం చెక్కుచెదరలేదు.

నేను పగలబడి నవ్వాను. నవ్వనూ మరి? చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే విన్నాను గానీ, ఆ పిల్లాణ్ణి గోడకు తగిలించి తొమ్మిదేళ్ళు వాడుకోవడం ఎక్కడా వినలేదు. "పెద్దమ్మా, ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఏ ఆఫీసువాడికీ దొరకదు, మన పని అయిపోయినట్టే!" అన్నాను.

ఆమె నవ్వలేదు. స్టూలు మీద కూలబడింది.

"అది అడిగిన రోజున ఇది ఆ గోడకే ఉందిరా. దాని కళ్ళ ముందే ఉంది."

నా నవ్వు ఆగిపోయింది. కంగారులో ఒక తెలివితక్కువ సలహా ఇచ్చాను. డబ్బు వచ్చాక సగం నేనే తీసుకెళ్ళి అత్తయ్యకిస్తాను, ఆసుపత్రివాళ్ళు ఇన్నాళ్ళకు పంపారని చెప్తాను, కాలరు ఊసు ఎవరికీ తెలియక్కర్లేదు అన్నాను. పెద్దమ్మ నా మొహం వంక చూసింది. "అలాగే చెయ్" అంది. నేను తిడుతుందనుకున్నాను, ఆమె ఒప్పుకుంది. పెద్దమ్మ నాకు భయస్తురాలిలా కనబడటం అదే మొదలు.

మర్నాడంతా కొట్లో మిషన్ చప్పుడు సరిగ్గా లేదు. నాలుగు కుట్లు వేయడం, ఆపడం. సాయంత్రం నేను ఫారం తీసి రెండో ప్రశ్న మళ్ళీ చదివాను. పనిచేసిన వ్యక్తి, బంధువు కాని వ్యక్తి. ఆ రోజుల్లో ఆ కొట్లో పనిచేసింది ఒక్కరే. డబ్బు వచ్చాక వెళ్ళడం కుదరదు, వెళితే తప్ప డబ్బు రాదు. ఆ మాట చెప్పాను.

"వదిలెయ్యరా. నాకొద్దా డబ్బు" అంది పెద్దమ్మ.

"సగం నీది కాదుగా వదిలెయ్యడానికి" అన్నాను. నాకు నిజంగానే కోపమొచ్చింది. పొద్దున చూస్తే పెద్దమ్మ కొట్టు తెరవకుండా, తలుపు ముందు ఇస్త్రీ చీరలో నిలబడి ఉంది.

అత్తయ్య ఇప్పుడు లాండ్రీలో ముందు గదిలో కూర్చుంటుంది. ఊడిన గుండీలు, జారిన అంచులు, చిరిగిన జేబులు బాగుచేస్తుంది. దారి పొడుగునా పెద్దమ్మ నాకు చెవిలో పోరు. ముందు ఇలా అంటాను, అదిలా అంటే నేనిలా అంటాను. తీరా లోపలికి వెళ్ళాక ఒక్క ముక్కా గుర్తు రాలేదు. లాండ్రీ యజమాని దుప్పటి మడతపెడుతున్నవాడు, దుప్పటి అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. అత్తయ్య తల ఎత్తి చూసి, మళ్ళీ దించుకుని, చేతిలో గుండీ కుడుతూనే ఉంది.

"వదినా" అంది పెద్దమ్మ. "డబ్బు వచ్చింది. ఇప్పుడు కాదు, అప్పుడే వచ్చింది. కవరు విప్పకుండా కత్తిరించేశాను. తప్పు నాదే."

సంచిలోంచి ఆ ముక్కలు తీసి బల్ల మీద పెట్టింది. అత్తయ్య గుండీ పూర్తిచేసి, దారం కొరికి, అప్పుడు వాటిని చూసింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మొన్న."

"మరి నిన్న రాలేదేం?"

"నిన్నంతా నీకు అబద్ధం చెప్పాలనుకున్నా."

నేను తల పట్టుకున్నాను. ఆ మాట ఎవరడిగారని! కానీ అత్తయ్య మొహంలో ఏదో మెత్తబడింది, ఒక్క క్షణం. వెంటనే మళ్ళీ బిగిసింది.

"ఆ గది వేరేవాళ్ళకిచ్చేశారు వదినా. ఇంకో నాలుగేళ్ళు అన్నయ్య వాళ్ళ వంటింటి పక్కన పడుకున్నాను. నా బట్టలు మంచం కింద పెట్టెలో ఉండేవి. ఏదైనా తీసుకోవాలంటే వాళ్ళ పిల్లలు నిద్ర లేచేదాకా ఆగేదాన్ని."

"తెలుసు."

"తెలీదు నీకు. వచ్చి చూస్తే కదా."

వీధిలో ఎవరితోనైనా మాటకు మాట అప్పజెప్పే పెద్దమ్మ చేతులు కట్టుకుని వింటూ నిలబడింది.

"నేను నిన్ను దొంగ అనుకున్నానని తొమ్మిదేళ్ళు ఊరంతా చెప్పావట. ఎప్పుడనుకున్నాను? రాలేదన్నావు, రాలేదనే నమ్మాను. గది పోతోందన్న ఆదుర్దా కొద్దీ అడిగాను. అడగడం కూడా తప్పేనా? నేను వెళ్ళింది డబ్బు రాలేదని కాదు. గడప ఎక్కొద్దన్నావు, అందుకు వెళ్ళాను. పిలుస్తావేమోనని..." అత్తయ్య ఆగింది. "పిలవలేదు నువ్వు."

పెద్దమ్మ కళ్ళజోడు తీసేసింది. తుడవలేదు, చేతిలోనే పట్టుకుంది.

"ఇప్పుడు పిలుస్తున్నా. రావే వదినా. నాకు నువ్వు లేకపోతే ఏమీ బాగోలేదు."

అరవై ఐదేళ్ళ మనిషి, జీవితంలో ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాదు, పరాయివాళ్ళ ముందు అలా అడిగింది. లాండ్రీ యజమాని దుప్పటి వెనక మొహం దాచుకున్నాడు. నాకు మటుకు దాచుకోవడానికి ఏమీ దొరకలేదు.

"ఇవాళ రాను" అంది అత్తయ్య. "ఇవాళంతా నీమీద కోపంగా ఉండాలి నేను. ఇంత తెలిశాక కనీసం ఒక్క పూటైనా సరిగ్గా కోపం తెచ్చుకోకపోతే ఎలా? రేపు వస్తా. ఆ ముక్కలు తీసుకెళ్ళు."

డబ్బు ఆ తర్వాత నాలుగు నెలలకు వచ్చింది. కత్తిరించిన చెక్కు చూసి ఆ ఆఫీసు అధికారి పక్క గదిలో వాళ్ళందరినీ పిలిచి చూపించాడట. గుడ్డ ఖర్చు పోను ఇద్దరూ చెరిసగం పంచుకున్నారు. పెద్దమ్మ ఎక్కువివ్వబోతే అత్తయ్య తిట్టింది. అవన్నీ జరగాల్సినట్టే జరిగాయి. నేను చెప్పదలుచుకున్నది లాండ్రీకి వెళ్ళిన మర్నాటి సంగతి.

మర్నాడు పెద్దమ్మ తెల్లారకముందే కొట్టు తెరిచిందట. నేను వచ్చేసరికి గుమ్మంలో నిలబడి వీధి చివరికి చూస్తోంది. నన్ను చూసి, నేనేదో అడ్డం వచ్చినట్టు "పక్కకి జరగరా" అంది. పదింటికి అత్తయ్య వచ్చింది. గడప ముందు ఆగింది. పెద్దమ్మ చెయ్యి చాచింది. అత్తయ్య ఆ చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చి, కత్తిరింపు బల్ల పక్కన కూర్చుంది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోవడం లేదు. ఇలా ఊరుకుంటే సాయంత్రం దాకా ఇంతేనని నేనే సాక్షి ఫారం తీసి నింపడం మొదలుపెట్టాను. పేరు, చిరునామా, చేసిన పని. తర్వాతి గడి, దరఖాస్తుదారుతో ఎన్నేళ్ళ పరిచయం.

"ఇరవై రెండు" అని పైకి అనుకుంటూ రాయబోయాను.

"ఇరవై రెండేమిటి?" అంది అత్తయ్య.

"పనిచేసింది అన్నేళ్ళేగా అత్తయ్యా. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు మీకు మాటల్లేవు. అవెలా కలుపుతాం?"

"ముప్పై ఒకటి రాయి. పొద్దున కళ్ళు తెరవగానే మొదట ఈ వదినే గుర్తొచ్చేది నాకు, తిట్టుకోవడానికైనా సరే. ఒక్క రోజు మానలేదు. ఇంతకన్నా పరిచయం ఎలా ఉంటుంది?"

నేను పెద్దమ్మ వంక చూశాను. ఆమె చెంపల మీద కన్నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవాలన్న ధ్యాసే లేదు.

"రాయరా వెధవా" అంది నన్ను. "ముప్పై ఒకటని చెబుతుంటే వినబడట్లేదూ?"

ముప్పై ఒకటి అని రాశాను.